ఉడుము ఇంటిపేరు

“ఘోర్పడే అంటే మరాఠీలో ఉడుమే కదండీ?” అన్నాడు డాక్టర్ భోంస్లే. “మా రిలేటివ్స్‌కి ఏం చెప్పుకోను? ఉడుములు పట్టేవాళ్లతో వియ్యమందానని చెప్పనా?”

భీమశంకర్ ఘోర్పడే చేతిలోని టీ కప్పు కింద పెట్టేశాడు. అది 1982 వేసవి. గుత్తి రైల్వేలో రిటైరై, అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో ఉద్యోగం చేస్తున్న కూతురు విద్య దగ్గరికి వచ్చాడాయన. విద్య, డాక్టరుగారబ్బాయి జగదీష్ ఇష్టపడ్డారు. రెండు కుటుంబాలూ మరాఠాలే, రెండూ తరాలుగా తెలుగుదేశంలో స్థిరపడ్డవే. సంబంధం ఖాయమనుకునే ఇవాళ డాక్టరుగారింటికి వచ్చాడు.

హైదరాబాదులో పుట్టి పెరిగిన డాక్టరుకు మరాఠీ నాలుగు ముక్కలకు మించి రాదు. వంశం దగ్గర మాత్రం మెట్టు దిగలేదు. మీది పేరున్న వంశమని రుజువు చూపిస్తే వచ్చే ఆదివారమే తాంబూలాలు పుచ్చుకుందామని చెప్పి పంపేశాడు.

కార్లో విద్య విసుక్కుంది. “వదిలెయ్ నాన్నా. కోర్టుకెళ్లి మ్యారేజ్ చేసుకుంటాం.”

“ఆయన నోటితోనే మనది గొప్ప వంశమనిపిస్తా. అంతవరకు ఆగు.”

మర్నాటి నుంచి ఆయన యూనివర్సిటీ లైబ్రరీలోనే కూర్చున్నాడు. దొరలు రాసిన పుస్తకాల్లో తన ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగులో ఉంది. ఒకదాంట్లో దొరికిన మనిషి ఇంకోదాంట్లో కనిపించడు. కౌంటర్లోని అమ్మాయికి ఆ పేరు నోరు తిరగదు. తెలిసిన తెలుగువాళ్లకు ఫోన్ చేస్తే మీరు మరాఠీలు కదా, మాకేం తెలుసన్నారు. మరాఠీవాళ్లు, మీరు తెలుగువాళ్లు కదా అన్నారు. రిటైరయ్యాక ఇదేం ఖర్మరా అని తిట్టుకుంటూనే పేజీలు తిప్పాడు. శనివారం సాయంత్రానికి దొరికింది.

ఆదివారం భోంస్లే ఇంట్లో ఊపిరి తిరక్కుండా చెప్పాడు. సుల్తానుల కాలంలో ఎవరూ ఎక్కలేని కోట ఒకటుండేదట. వీళ్ల మూలపురుషుడు ఉడుము నడుముకు తాడు కట్టి గోడ మీదికి వదిలాడు. అది పైన పట్టు బిగించగానే తాడు పట్టుకుని ఎక్కేశాడు. మెచ్చిన సుల్తాను ఘోర్పడే అన్న బిరుదిచ్చాడు.

డాక్టరు ముందుకు వంగి విన్నాడు. “సారీ అండీ, తప్పుగా మాట్లాడాను. మరి బిరుదు రాకముందు ఆయన ఇంటిపేరేమిటి?”

భీమశంకర్ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. “మీదేనండీ. భోంస్లే. మీరూ మేమూ ఒకే వంశం.”

డాక్టరు లేచి ఆయన్ను కౌగిలించుకున్నాడు. కళ్లు చెమర్చాయి. భార్య నళినిని పిలిచి స్వీట్లు తెమ్మన్నాడు. ఆ వారంలో మొదటిసారి విద్య నవ్వింది. భీమశంకర్ కూతురివైపు గర్వంగా చూశాడు.

డాక్టరు తన కొడుకు భుజం మీద చెయ్యి వేసి, “ఒకే వంశంలో పిల్లనివ్వడం, తెచ్చుకోవడం మనలో లేదు కదా,” అన్నాడు. “జగదీష్, ఇవాళ్టి నుంచి విద్య నీకు చెల్లెలురా.”