నొగ మీద పెట్టె

"నాన్నా, మామయ్య అక్కడే ఉన్నాడు. గో అండ్ ఆస్క్," అంది రేణు కార్ దిగుతూ.

"చూశాను. వాడి కోసం ఆపలేదు. వేరే చోటు లేక ఆపాను," అన్నాడు అచ్యుతరావు.

"ష్యూర్," అంది రేణు. పులిహోర గిన్నె ఎత్తుకుని చెట్ల కిందికి వెళ్ళిపోయింది.

షామ్‌బర్గ్ తెలుగువాళ్ళ వేసవి పిక్నిక్. పంతొమ్మిదివందల ఎనభై నాలుగు. పార్కింగ్ నిండిపోయింది. కార్ వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లులాంటి ఒక తెల్లటి ట్రావెల్ ట్రైలర్‌కి ఈ పక్కన అచ్యుతరావు కార్‌కి చోటు దొరికింది. ఆ పక్కన బావమరిది గోపాల్ కార్ ఉంది.

రేణు పెళ్ళి వచ్చే నెల. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవలసినవాడు మేనమామ. రేణుకి ఉన్నది ఒక్క మేనమామ. ఆ ఒక్కడితో అచ్యుతరావుకి మాటల్లేక మూడేళ్ళయింది.

భార్య పద్మిని పోయిన రోజున, ఇంటినిండా జనం ఉండగా, "ఒక్కరోజు ముందు ఆస్పత్రికి తెచ్చుంటే అక్క బతికేది బావగారూ," అన్నాడు గోపాల్. గోపాల్ డాక్టర్. మామూలువాడు అనుంటే దులిపేసుకునేవాడు. డాక్టర్ అన్నమాట కాబట్టి లోపల దిగిపోయింది.

"మామయ్య రాకపోతే నడిచే వస్తా. ఇంకెవరూ నా బుట్ట పట్టుకోవద్దు," అని రేణు తేల్చి చెప్పింది. ఇంట్లో ఆ పిల్ల మాటకి తిరుగులేదు. తల్లి పోలిక.

ట్రైలర్ ముందు భాగంలో, ఎడ్లబండికి నొగలాగా, కార్‌కి తగిలించే ఇనుప చట్రం పొడుచుకొచ్చి ఉంది. దాని మీద బ్యాటరీ పెట్టె బిగించే పని మొదట్లోనే ఆగిపోయింది. నల్ల ప్లాస్టిక్ పెట్టె, బ్యాటరీ, బోల్టులు, పానాలు, అన్నీ గడ్డి మీద పరిచి ఉన్నాయి. వాటి ముందు గోపాల్ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

గోడకి మేకు కొట్టడం రాదు, వీడికి ట్రైలరొకటి అనుకున్నాడు అచ్యుతరావు.

మాట ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. వంగి పానా తీసుకున్నాడు. పని చేసేవాడు మాట్లాడకపోయినా ఎవరూ తప్పుపట్టరు.

గోపాల్ కాసేపు చూశాడు. చొక్కా చేతులు మడిచాడు.

"పట్టుకోమంటారా బావగారూ?"

"పట్టుకో."

పెట్టెను చట్రం మీద ఆనించారు. అచ్యుతరావు హైవే డిపార్ట్‌మెంట్‌లో వంతెనలు కట్టే ఇంజనీర్. ఏ పనైనా ముందు తప్పు దగ్గర మొదలుపెడతాడు.

"అక్కడొద్దు. గ్యాస్ సిలిండర్‌కి దగ్గరైపోయింది. ఇటు జరుపు."

"జరిపానండీ."

"ఇంకాస్త. మరీ అంత కాదు. నిన్ను నమ్మి మనుషులు కళ్ళు మూసుకుని ఎలా పడుకుంటారయ్యా?"

"మత్తు ఇచ్చాకే పడుకుంటారండీ."

అచ్యుతరావుకి నవ్వొచ్చింది. తల తిప్పి నవ్వుకున్నాడు.

బోల్టులు బిగించారు. బ్యాటరీని చెరో పక్క పట్టుకుని పెట్టెలోకి దించారు. గోపాల్ చొక్కాకి నల్లటి గ్రీజు మరక పడింది. ఇస్త్రీ మడత నలిగితే గొడవపెట్టే మనిషి, దాన్ని చూసి కూడా పని ఆపలేదు.

"బండి బాగుంది," అన్నాడు అచ్యుతరావు. అనకపోతే బాగుండదని అన్నాడు.

"చాలా బాగుందండీ. నలుగురు హాయిగా పడుకోవచ్చు."

గొప్పలకేం తక్కువ లేదు అనుకున్నాడు అచ్యుతరావు.

గోపాల్ చేత్తో ట్రైలర్ రేకుని నిమిరాడు. "అక్క ఉంటే ఎంత సంబరపడేదో. ఇలాంటి బండిలో దేశమంతా తిరగాలనేది."

అచ్యుతరావు చేతిలో పానా ఆగింది. అందుకా వీడు దీన్ని కొన్నది! అక్క ముచ్చట తీర్చడానికి!

"కొందామని నన్నూ చాలాసార్లు అడిగింది. డబ్బు దండగన్నాను. అప్పుడు వినలేదు," అన్నాడు.

"ఇప్పటికైనా మంచిపని జరిగింది లెండి," అన్నాడు గోపాల్. "బావగారూ, ఆ రోజు నేను అలా అనకుండా..."

"ఆ ఎర్ర వైరు ఇటివ్వు."

గోపాల్ నల్లది ఇచ్చాడు.

"డాక్టరువి. ఎరుపూ నలుపూ తెలియవా?"

"మనిషి లోపల అంతా ఎరుపే కదండీ."

ఈసారి అచ్యుతరావు తల తిప్పుకోకుండానే నవ్వాడు. ఎర్ర వైరు తనే తీసుకుని బిగించాడు. ఆ తర్వాత నల్లది. పెట్టెకి మూత పెట్టి, పైన పట్టీ లాగి కట్టాడు. ట్రైలర్ గుమ్మం మీద చిన్న దీపం వెలిగింది. పట్టపగలు వెలిగిన ఆ దీపాన్ని ఇద్దరూ పిల్లల్లా చూశారు.

"వచ్చే నెలలో రేణు పెళ్ళి," అన్నాడు అచ్యుతరావు దీపం వంకే చూస్తూ.

"తెలుసండీ."

"బుట్ట పట్టుకోవాలి."

"నేను కాక ఇంకెవరు పట్టుకుంటారండీ? కాకపోతే పిల్ల బాగా ఒళ్ళు చేసింది. రేపట్నించి బస్కీలు తీస్తాను."

"ఆ మాట దాని ముందు అనకు. నిన్నే బుట్టలో కూర్చోబెడుతుంది."

మూడేళ్ళ బరువు దిగిపోయింది. అడగడం ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో అడిగేవాడు. అక్క కోసం బండి కొన్నవాడి మీద ఇంకా ఏం కోపం పెట్టుకుంటాడు? పానాలన్నీ ఏరి వరసగా పేర్చి, చేతులు గడ్డికి తుడుచుకుని, బావమరిది భుజం తట్టాడు.

"సరే, నీ కార్ ఇటు తిప్పుకురా. దీన్ని దానికి ఎలా తగిలించాలో కూడా చూపిస్తాను."

గోపాల్ అయోమయంగా ట్రైలర్ వైపూ అచ్యుతరావు వైపూ చూసి, "మీ బండిని నా కార్‌కి తగిలించడమెందుకు బావగారూ?" అన్నాడు.