కుక్క దొరసాని

శవపేటిక మూత కిర్రుమని తెరుచుకుంది. లోపలి నుంచి ముసలి దొర లేచి కూర్చుని, కోటు దులుపుకుని, ఖాళీ కప్పు చూపించి టీ అడిగాడు.

గల్ఫులో అస్కర్ కూలీల క్యాంపు ఏడో గదిలో పదిమంది గొల్లున నవ్వారు. రాజనర్సు నవ్వలేదు. అందరికంటే ముందు, టీవీకి దగ్గరగా కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు నౌకరొస్తడు. తలకాయ సంకల వెట్టుకొని వస్తడు" అన్నాడు.

నల్లకోటు నౌకరు వచ్చాడు. తల చంకలో ఉంది.

"ఇంకెన్నిసార్లు చూస్తావు బాబాయ్?" అన్నాడు లోవరాజు. "ప్రతి శుక్రవారం ఇదే. నీకు ఇంగ్లీషు ముక్క రాదు కూడాను."

"సూస్తె సమజైతది."

సమజయ్యేంత కథ అందులో లేదు. ఇంగ్లండులో ఒక పాడుబడ్డ బంగళా. అందులో నలుగురు. రోజూ చచ్చి రోజూ లేచే ముసలి దొర. చచ్చిన కుక్కలో గడ్డి కూరించి, ఒళ్లో పెట్టుకుని ముద్దలు తినిపించే అతని చెల్లెలు. మెడ మీద తల నిలవని నౌకరు. రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోయే డాక్టరు. ఆ రక్తం టమాటా రసమని చూసేవాళ్లందరికీ తెలుసు.

చెల్లెలికి క్యాంపువాళ్లు కుక్క దొరసాని అని పేరు పెట్టారు. రాజనర్సు ఆమె మీద మనసు పడ్డాడని చెప్పుకున్నారు. అతను కాదనలేదు.

లోవరాజు లేచి వీడియో డెక్కు ముందుకు వెళ్లాడు. కోనసీమవాడు, ఇరవై ఆరేళ్లు, నోరు ఊరుకోదు.

"ఇంక చాలు. క్యాసెట్టు ఇలాగియ్యి. మూడింటికి షార్జా క్రికెట్ ఫైనల్ మొదలవుద్ది. నాకేమో ఓవర్‌టైం పడింది. రికార్డింగ్ పెట్టుకుని పోతాను."

"వేరేది తెచ్చుకో."

"శుక్రవారం పూట ఏ కొట్టు తీసుంటాది? క్యాంపంతా అడిగాను. ఇదొక్కటే ఉంది."

"ఇయ్య."

"దీని మీద సినిమా ఎక్కించిందే నేను."

"క్యాసెట్టు నాది."

"నీది కాదన్నానా? పేరు రాసిలేదు, ఖాళీ అనుకుని పెట్టాను. దానికి నెల్లాళ్లు నాతో మాట్లాడ్డం మానేశావు. ఇప్పుడేమో అదే సినిమాకి అంటుకుపోయావు."

రాజనర్సు తెర మీద నుంచి చూపు తిప్పలేదు. డాక్టరు పడిపోయాడు. పడబోతూ టీ బల్లను కూడా లాక్కుపోయాడు.

"దాని ముక్క ఇరగ్గొట్టిన. రికార్డు గాదు" అన్నాడు. క్యాసెట్టు వీపున ఉండే ప్లాస్టిక్ ముక్క తీసేస్తే దాని మీద ఇంకేదీ ఎక్కదు. లోవరాజు సినిమా ఎక్కించాక అతను దాన్ని తీసేశాడు.

"ఆ కన్నానికి ప్లాస్టరు అంటిస్తే మళ్లీ అవుద్దిలే."

లోవరాజు డెక్కు మీద చెయ్యి వేశాడు. రాజనర్సు లేచి ఆ మణికట్టు పట్టుకున్నాడు. అల్యూమినియం కొలుముల దగ్గర పన్నెండేళ్లు ఇటుక పేర్చిన చెయ్యి అది. లోవరాజు ముఖం మారింది.

"వదులు బాబాయ్."

"నువ్వు దియ్యి ముందు."

మెస్సులో వండే ముత్తన్న ఆ గొడవ విని వచ్చాడు. అతనిదీ రాజనర్సుదీ జగిత్యాల దిక్కే.

"ఏందిరా నర్సూ, సినిమాకు కొట్టుకుంటరా? ఫోర్‌మన్ జూస్తె డెక్కే గుంజుకపోతడు."

లోవరాజు చెయ్యి విడిపించుకున్నాడు. అందరి ముందు ఓడిపోయిన ఉక్రోషం అతనికి.

"పెళ్లాం పోయిందని టెలిగ్రాం వచ్చినరోజు కూడా డ్యూటీకెళ్లిన మనిషివి. గడ్డి కుక్కని ముద్దాడే ముసల్దాని కోసం నా చెయ్యి విరుస్తావా?"

ఎవరూ నవ్వలేదు.

"పనికి వెట్టుకున్న కఫీల్ పాస్‌పోర్టు ఇయ్యలే, లోవరాజూ. నర్సు పోతననే అన్నడు" అన్నాడు ముత్తన్న.

"నా తరఫున నువ్వు మాట్లాడకు" అన్నాడు రాజనర్సు. తర్వాత లోవరాజు వైపు తిరిగాడు. "నీ ఓవర్‌టైం నేను జేస్త. హాజరు నీ పేరు మీదనే ఏయించుకో. మూడింటి సంది టీవీ నీది. కూసోని మ్యాచ్ సూడు."

"కొలిమి లైను బాబాయ్ అది. ఎనిమిది గంటలు. నీకు వారానికొక్కటే సెలవు."

"జేస్త అన్న గద."

"ఈ సినిమా కోసమా?"

"ఈ క్యాసెట్టు ఇంకెన్నడు ముట్టద్దు. ఖలాస్."

లోవరాజు ముత్తన్న వంక చూశాడు. ముత్తన్న భుజాలెగరేసి మెస్సుకు వెళ్లిపోయాడు.

"సరే. నీ ఇష్టం" అని లోవరాజు మంచం మీద కూలబడ్డాడు. ఉండబట్టలేక మళ్లీ అన్నాడు. "పోనీ ఫార్వర్డ్ నొక్కు, దొరసాని పెళ్లి దగ్గరికి పోదాం."

"ఫార్వర్డు గొడితె టేపు నలుగుతది. ఒక్క జానెడు గూడ నలుగద్దు."

సినిమా దాని తీరున నడిచింది. దొరసానికీ డాక్టరుకూ పెళ్లయింది. గడ్డి కుక్క లేచి నౌకరు తలను నోట కరుచుకుని పారిపోయింది. బంగళా కూలింది. ఆ ఇటుకల గుట్ట మీద నలుగురూ కూర్చుని టీ తాగారు. గది మళ్లీ నవ్వింది. లోవరాజు కూడా నవ్వాడు.

రెండున్నరకు ముత్తన్న మెస్సు గుమ్మంలోంచి కేకేశాడు. "కూర దించిన, రాండ్రి!"

శుక్రవారం మటన్. పళ్లేలు చేతబట్టుకుని అందరూ లేచారు.

"రా బాబాయ్. మూడింటికి వ్యాన్ వచ్చేస్తాది. తినకుండా కొలిమి దగ్గరికి పోతావా?" అన్నాడు లోవరాజు. గొంతు మెత్తబడింది.

"మీరు నడువుండ్రి. బంద్ జేసి వస్త."

"దొరసానికి టాటా చెప్పాలి కాబోలు!" అన్నారెవరో. నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

రాజనర్సు తలుపు గడియ పెట్టాడు. టీవీలో ఇంగ్లీషు పేర్లు పైకి పాకి అయిపోయాయి. లోవరాజు ఎక్కించింది అంతవరకే. క్యాసెట్టు చివర చెరిగిపోని పాతది ఇంకో మూడు నిమిషాలుంది. అతను నెత్తి రుమాలు తీసి, నేల మీద కూర్చున్నాడు. గీతలు వచ్చాయి, పోయాయి.

తెర మీద అతని భార్య పాడె లేచింది.