అప్రూవల్ వచ్చేలోగా

"ఊరికే కంగారుపడకండి అత్తయ్యా, కార్డు చూపిస్తే చాలు. నా పాలసీ అంటే ఏమనుకున్నారు!"

జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్న అత్తగారిని పెద్ద ప్రైవేటు ఆసుపత్రి సోఫాలో కూర్చోబెట్టి, కౌంటరు దగ్గరికి ఠీవిగా నడిచాను. ఆ ఆరోగ్య బీమా పాలసీ ఆవిడకు అంటగట్టిన ఏజెంటును నేనే మరి.

మా కంపెనీ అప్రూవల్ ఇస్తేనే డాక్టరు చెయ్యి ముట్టుకుంటాడట. మా మేనేజరుకు ఫోన్ చేశాను.

"మీటింగులో ఉన్నానయ్యా, కాస్త ఆగు" అన్నాడు.

ఆగి మళ్లీ చేశాను. ఇంకా మీటింగే. వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

ఎట్టకేలకు అప్రూవల్ వచ్చింది. ఎగిరి గంతేసి సోఫా దగ్గరికి పరుగెత్తాను. అత్తగారు హాయిగా కునుకు తీస్తున్నారు. చేతికి తెల్లటి సిమెంటు కట్టు!

"ఇదెక్కడిది అత్తయ్యా?"

"ఎదురుగా ప్రభుత్వాసుపత్రి ఉందిగా బాబూ. లైను పెద్దదే గానీ, ఏ కార్డూ అడగలేదు. కట్టేసి పంపించారు."

"మరి మళ్లీ ఇక్కడికెందుకొచ్చారు?"

"అక్కడ ఒకటే ఉక్క. మీ ఏసీ బాగుంది."

చేతులు జోడించి బతిమాలాను.

"ఈ సంగతి మా మేనేజరు చెవిన పడితే నా కొంప మునుగుతుంది. ఎవరికీ చెప్పకండి."

అత్తగారు పకపకా నవ్వారు.

"ఆయనా అదే అన్నారు బాబూ! మొన్న మనింటికి భోజనానికొచ్చారుగా, చూడగానే గుర్తుపట్టాను. కాలు బెణికిందట, లైన్లో నా ముందే నిలబడ్డారు. మీరు ఫోన్ చేసినప్పుడల్లా మీటింగులో ఉన్నానని చెప్పడం, నావైపు తిరిగి దండం పెట్టడం!"