దవాఖానా జాగా

"అయిదు గుంటలే పటేలా! నేనేమన్న ఎకరాలు అడుగుతున్ననా?" అంది పుష్ప, గ్రామీణ ఆరోగ్య గ్రాంటు ఫైలును ఒళ్లో పెట్టుకుని.

సత్తయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "రోడ్డు పక్క జాగా అది. కంపెనీలోళ్లు రోజూ ఫోన్లు చేస్తున్నరు. నీకెట్లియ్యాలె?"

"నాకొద్దు. ఊరికియ్యి."

పదకొండేళ్లు ఆశా కార్యకర్తగా తిరిగి పుష్ప చెప్పులు అరిగాయే గాని ఊరికి దవాఖానా రాలేదు. వాళ్ల ఊరు గడ్డపోతారం చుట్టూ అన్నీ మందుల ఫ్యాక్టరీలే, ఈ ఊళ్లో జ్వరమొస్తే మాత్రం సంగారెడ్డికి పరుగెత్తాలి. పోయినేడు నొప్పులు పడుతున్న రాధమ్మను షేర్ ఆటోలో తీసుకుపోతుంటే, షిఫ్టు బస్సుల మధ్య ఆటో ఇరుక్కుపోయి అందులోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఊళ్లోనే ఒక కాన్పుల గది, పిలిస్తే పలికే ఒక నర్సు ఉంటే ఎంత బాగుండునని ఆ రోజు నుంచి పుష్ప అనుకోని పూట లేదు. ఇప్పుడు రాధమ్మకు మళ్లీ మూడో నెల.

ఇన్నాళ్లకు సర్కారు గ్రాంటు మంజూరైంది. స్థలం మాత్రం ఊరే ఇవ్వాలి. మూడు నెలల్లో కాగితం తేకపోతే గ్రాంటు వెనక్కి పోతుందని జిల్లా ఆఫీసులో రాంచందర్ సారు తేల్చి చెప్పాడు.

సత్తయ్య చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరే, ఇస్త. నాకూ ఒక పని చేసిపెట్టు. మన ఊరిని మున్సిపాలిటీ చెయ్యుమని దరఖాస్తు పెడుతున్నం. గట్లయితే నా మిగిలిన భూమికి ధరొస్తది. నేనడిగితే ఎవ్వరూ సంతకం పెడ్తలేరు. నీ మాట ఇనని ఇల్లు లేదు."

"మాట తప్పవు గద?"

"తప్పితే నలుగురిల నిలదియ్యి."

పుష్ప కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగింది. కంపెనీ బస్సు దిగినవాళ్లను దిగినట్టే పట్టుకుంది.

"ఏం కాగితం ఆశమ్మా?" అంది బక్కమ్మ.

"ఏలుముద్ర పెట్టు అత్తా. మనకు దవాఖానా వస్తది."

"గట్లయితే పది వేళ్లూ పెడ్త!"

దరఖాస్తు వెళ్లింది. రెండు నెలలు గడిచాయి. "పటేలు నీకు టోపీ పెట్టిండు" అని ఊళ్లో అందరూ నవ్వారు. పుష్పకు నిద్ర కరువైంది.

గడువుకు ఇంకా పది రోజులున్నాయనగా ఊరు మున్సిపాలిటీ అయింది. సత్తయ్య ఇంటి ముందు పటాకులు మోగాయి. మర్నాడు పొద్దున్నే ఆయనే పుష్ప గుమ్మంలోకి వచ్చి రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో పెట్టాడు.

"ఏడు గుంటలు రాసిన. అంబులెన్స్ తిరగాలె గద."

పుష్ప ఇంతటి మనిషిని అనుమానించానే అని సిగ్గుపడింది. కాగితం పట్టుకుని బయల్దేరి, దారిలో రాధమ్మకు జాగా చూపించింది. "గీడ మంచం, గాడ కిటికీ. ఈసారి నువ్వు ఆటో ఎక్కేది లేదు."

రాధమ్మ కడుపు మీద చెయ్యి వేసుకుని ఏడాది తర్వాత నవ్వింది.

మధ్యాహ్నానికల్లా పుష్ప సంగారెడ్డి జిల్లా ఆఫీసులో ఉంది. రాంచందర్ కాగితం చదివి తలెత్తాడు.

"మీ ఊరు మున్సిపాలిటీ అయిందా?"

"నిన్ననే సార్! సంతకాలన్నీ నేనే తెచ్చిన," అంది పుష్ప గర్వంగా.

ఆయన ఫైలు మెల్లగా మూసి ఆమె వైపు జరిపాడు.

"ఈ గ్రాంటు పల్లెటూర్లకేనమ్మా."