తొట్టి ముందు చెప్పులు

పెద్దతనంలో అక్షరాలు దిద్దినదాన్ని. వత్తులు, దీర్ఘాలు తప్పితే సరిచేసుకుని చదవండి. నా చెయ్యి నిదానం, అందుకే కథ కూడా చిన్నదే.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడపడుచు చెప్పు తెగింది. పనిలో ఆమెకు అదే మొదటి రోజు.

"నీ అడుగు మహిమే!" అంది వెంట వచ్చిన వదిన నవ్వుతూ.

"అడుగు కాదు వదినా, వెనకనుంచి నువ్వు తొక్కావు."

గోడవార సంచి పెట్టుకుని కూర్చున్న ముసలాయన గబగబా లేచాడు. సంచిలోంచి పాత చెప్పుల జత తీశాడు.

"ఇవి వేసుకో తల్లీ. ఊరికే ఇస్తున్నా."

ఆయన చూపు ఆమె పాదాల మీదే ఉంది.

వదిన ఆమెను వెనక్కి లాగింది.

"రోజూ ఇంతే. వచ్చేపోయే ఆడవాళ్ళ కాళ్ళకేసి చూస్తూ కూర్చుంటాడు. చెప్పుతో కొట్టేవాళ్ళు లేక!"

"చెప్పులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయిగా వదినా."

వదిన నవ్వలేదు. వాచ్‌మన్‌ను పిలిచింది.

"అన్నా, ఇతన్ని పంపిస్తావా, మమ్మల్ని పని మానుకోమంటావా?"

వాచ్‌మన్ సంచిని రోడ్డు మీదకు విసిరాడు. చెప్పులు చెల్లాచెదురయ్యాయి.

"నన్ను తిట్టండి బాబూ. ఆ పిల్లని మాత్రం వట్టికాళ్ళతో పంపకండి..."

ఇంకేదో చెప్పబోయాడు. వాచ్‌మన్ మెడపట్టి గెంటేశాడు.

లోపల మొక్కజొన్న చొప్పను ఉడకబెట్టి, పులియబెట్టి, బండ్లకు పోసే ఇంధనం తీస్తారు. బొగ్గు అక్కర్లేదు. నేల లోతుల్లోంచి ఆవిరే బోరు గొట్టాల్లో ఎగదన్నుకొస్తుంది. ఆ హోరులో పక్కమనిషి కేక కూడా వినపడదు.

అందుకే అక్కడొక కట్టుబాటు. చొప్ప ఉడికే తొట్టిని కడగడానికి లోపలికి దిగేవాళ్ళు చెప్పులు బయట విడవాలి. వాల్వు తిప్పే మనిషి చెప్పులుంటే ఆగుతాడు. లేకపోతే ఆవిరి వదులుతాడు.

వదిన చెప్పులు విడిచి దిగింది. తెగిన జతను గేటు దగ్గరే పడేసి వచ్చిన ఆడపడుచు, విడవడానికేమీ లేక అలాగే దిగింది.

ఇద్దరూ అడుగున అంటిన పిప్పి గీకారు. గంప నిండగానే వదిన పైకెక్కింది. అలవాటు చొప్పున చెప్పుల్లో కాళ్ళు దూర్చి, పారబోయడానికి వెళ్ళింది.

వాల్వు మనిషి వచ్చి చూశాడు. తొట్టి ముందు ఏమీ లేవు.

వదిన తిరిగొచ్చేసరికి తొట్టి నోట్లోంచి తెల్లగా ఆవిరి పొంగుతోంది.

ఆమె అరిచింది. ఎవరికీ వినపడలేదు.

పొద్దు వాలాక శవాన్ని వ్యానులో ఎక్కించారు. వదిన గేటు దగ్గర కూలబడింది. వాల్వు మనిషి కాస్త దూరంలో తన చేతుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఆ ముసలాయన ఎటు పోయాడు?" అందామె. పొద్దున చెప్పులు చెల్లాచెదురైన రోడ్డుకేసి చూసింది.

"అసలు ఎవరాయన?"

పాత మేస్త్రి తల దించుకున్నాడు.

"ఇక్కడే పని చేసేవాడమ్మా. అప్పుడూ ఒక పిల్లాడు ఇలాగే వట్టికాళ్ళతో దిగాడు. బయట చెప్పుల్లేవని చూసి వాల్వు తిప్పింది ఆయనే."

— పలకవ్వ, డెబ్బై ఒక్క ఏళ్ళు, ఇప్పుడు ఉండేది చిన్న కూతురింట్లో.