ఉప్పలమ్మ సలహా

సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బు పరిశోధనలో రోగుల ఇళ్లవాళ్ల సలహా కూడా తీసుకోవాలని ఆస్పత్రివాళ్లు మీటింగు పెట్టారు. మరైగూడ నుంచి ఉప్పలమ్మ వచ్చింది.

"మీ పిల్ల బిందు రాలేదా?" అన్నాడు డాక్టర్ గుమ్మంలోనే. ఆమె జవాబు చెప్పేలోపే ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు. కడిగి తెచ్చిన స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఉప్పలమ్మ వెనక వరసలో కూర్చుంది.

డాక్టర్ తెర మీద బొమ్మ వేశాడు. "ఇవి మీ బిందు నిరుడు ఇచ్చిన నెత్తురులోంచి పెంచిన కణాలమ్మా. అప్పుడు కొడవలిలా వంగి ఉండేవి. లోపం సరిచేశాం. చూడండి, ఎంత గుండ్రంగా ఉన్నాయో."

అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు మీరు చెప్పండి. మేమేం చేస్తే బాగుంటుంది? మొహమాటపడకండి."

ఉప్పలమ్మ డబ్బా మూత తీసి లేచి నిలబడింది. "ఆ నెత్తురు నాకియ్యండి సార్."

డాక్టర్ నవ్వాడు. "ఇది మందుగా మారడానికి ఇంకా ఏళ్లు పడుతుందమ్మా. ఇప్పుడే పిల్లకి ఎక్కించలేం."

"ఎక్కియ్యడానికి కాదు సార్. మొన్న వానల్ల పిల్ల పోయింది. దాని బట్టలు, గిన్నె, దువ్వెన అన్నీ దానితోనే పూడ్చినం. పోయినోళ్లది ఏదన్న పైన ఉండిపోతే వాళ్లు కుదురుగ పడుకోరు. ఇదొక్కటే మీకాడ ఉండిపోయింది."

డాక్టర్ తెర మీది కణాలు చూపించాడు. "కానీ... అవి ఇంకా బతికే ఉన్నాయమ్మా," అన్నాడు.

ఉప్పలమ్మ తెర వైపు చూసింది. తర్వాత మెల్లగా డబ్బాకి మూత పెట్టింది.

"మరి బతికున్నదాన్ని ఎట్ల పూడ్చేది సార్?"