ఓటు కోసం తలుపు కొట్టిన మనిషి

పోలింగ్ రోజని చెరుకు రసం బండికి సెలవిచ్చి, దేవిదాస్ కూలర్ ముందు ఒళ్ళు వాల్చాడు.

మధ్యాహ్నం మూడింటికి ఎవరో తలుపు కొట్టారు.

గుమ్మంలో ఒక ముసలాయన. చేతిలో గొడుగు, చంకలో గుడ్డసంచి.

"దేవిదాస్ అంటె నువ్వేనా బిడ్డా? ఓటెయ్యలేదట?"

"ఏ పార్టీ మీది?"

"ఏ పార్టీ లేదు."

దేవిదాస్ నమ్మలేదు. ఇంత ఎండలో ఊరికే తిరిగే మనిషిని బోధన్‌లో అతను ఇంతవరకు చూడలేదు.

"నా ఒక్క ఓటుతోని ఏమైతది పెద్దాయనా? ఎవడు గెల్చినా మా గల్లీ మోరీ గట్లనే పొంగుతది."

"ఓటేస్తె అడిగెతందుకు నోరన్న ఉంటది."

"ఎండ కొడ్తుంది."

"గొడుగుంది."

"మోకాలు నొస్తుంది."

"మెల్లగ పోదాం."

"చిట్టీ లేదు."

ముసలాయన సంచిలోంచి చిట్టీ తీసి అతని చేతిలో పెట్టాడు. పేరు, బూత్ నంబరు, వరుస నంబరు, అన్నీ ముత్యాల్లాంటి చేతిరాతతో ఉన్నాయి.

లోపల్నుంచి భార్య సుమన నవ్వింది. ఆమె పొద్దున్నే ఓటేసి వచ్చింది. "ఇంట్ల పండుకున్నోని పేరు బూతుకాడ ఈయనకు నేనే చెప్పిన. ఇంకేమన్న సాకులున్నయా?"

దేవిదాస్ గొణుక్కుంటూ చెప్పులేసుకున్నాడు.

"బిర్యానీ పొట్లమన్న ఇప్పిస్తవా?" దారిలో అడిగాడు.

"ఇంటికాడ తినలేదా?"

గొడుగు నీడంతా దేవిదాస్ మీదే. ముసలాయన ఎండలో నడిచాడు.

పోలింగ్ జరుగుతున్న బడి గేటు దగ్గర ఆయన ఆగిపోయాడు. "నువ్వు పోయి రా."

దేవిదాస్ మీట నొక్కాడు. యంత్రం కుయ్యిమంది. ఎందుకో హుషారొచ్చింది. సిరా వేలు ఊపుకుంటూ బయటికొస్తే, ముసలాయన ఇంకో ముసలమ్మను నడిపించుకొస్తున్నాడు.

"పెద్దాయనా, ఊరందర్ని తోల్కొస్తున్నవ్. ఏదీ, నీ వేలు సూపెట్టు!"

ముసలాయన వేలికి సిరా లేదు.

"సూసిండ్రా! మనకు చెప్పెటోడు తను ఏస్తలేడు!"

క్యూలో అందరూ గొల్లుమన్నారు. ముసలాయన కూడా నవ్వి, ముసలమ్మను లోపలికి పంపి, ఇంకెవరికోసమో గల్లీ మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

గేటు పక్క పాన్ డబ్బా ముజమ్మిల్ మాత్రం నవ్వలేదు.

"గట్లనకు దేవిదాస్ అన్నా. రామ్‌దాస్ సాబ్ ఆయన. తన ఓటు కోసం తిరగని ఆఫీసు లేదు."

"మరి ఏస్తలేడెందుకు?"

"ఎట్లేస్తడన్నా? ఓటర్ల లిస్టుల ఆయన సచ్చిపోయి ఆరేండ్లాయె."